టెండర్ బండి

నాంపల్లి స్టేషన్‌లో పట్టాలు ముగిసిపోతాయి. బండి వచ్చి ఆగవలసిందే తప్ప ముందుకు పోవడానికి దారి లేదు. ప్రయాణికుడు ఆ సంగతి పట్టించుకోడు. ఎవరి కోసమో కాపు వేసినవాడికి మాత్రం అది మంచి వసతి. దిగిన ప్రతి మనిషీ ఒకే గేటు దిక్కుకు నడిచి రావాలి. నేను కండక్టరుగా పనిచేసిన బండి చరిత్రకు ఈ ముక్క అవసరం కనుక ముందే రాస్తున్నాను.

ఆ బండి తొంభైల మధ్యలో మొదలైంది. తెల్లవారుతూండగా కోస్తాలో బయలుదేరి మధ్యాహ్నంలోగా నాంపల్లి చేరేది. సాయంత్రం తిరిగి వెళ్లేది. పొద్దున వచ్చి ఆఫీసుల్లో పనులు చూసుకుని అదే రోజు ఇల్లు చేరాలనుకునే వ్యాపారస్తుల కోసం పెట్టారు. అన్నీ ఏసీ కుర్చీ పెట్టెలే. ఎక్కగానే నీళ్ల సీసా, అడిగిన భాషలో పేపరు, తర్వాత వేడి టిఫిను. తిరుగు ప్రయాణంలో టమాటా సూపు, దానితో వేలి మందాన బ్రెడ్డు కడ్డీలు. బేరర్లకు ముదురు ఎరుపు కోట్లు, చేతులకు తెల్ల తొడుగులు. మొదటి వారంలో ఆబిడ్స్ దుకాణదారులు భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని, ప్లాట్‌ఫాం టికెట్లు కొని, కిటికీ అద్దాల్లోంచి లోపలి సీట్లు చూసి వెళ్లారు.

నన్ను ఆ బండికి వెయ్యడానికి కారణం నాకు ఇంగ్లీషు, ఉర్దూ వచ్చు, కోటు ఇస్త్రీ తప్పదు. రెండూ మెదక్ మిషన్ స్కూలు నేర్పినవే. ఆబిడ్స్‌లో చర్చి వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. డ్యూటీకి నడిచే వెళ్లేవాణ్ణి. రాత్రి భోజనమయ్యాక ఆనాటి సంగతులు డైరీలో రాసుకోవడం పెళ్లికి ముందునుంచీ ఉన్న అలవాటు. ఆ ఏళ్ల డైరీలు ఇప్పుడు తిరగేస్తే ఎండ, వాన, బండి ఆలస్యం, ఆదివారం ప్రసంగ వాక్యం, వీటి తర్వాత ఎక్కువగా కనిపించేవి దెబ్బలు.

బండికి టెండర్ బండి అని పేరు పెట్టింది కూలీల మేస్త్రీ. పాలమూరు మనిషి, నా ఈడువాడే. బండి మొదలైన కొత్తలోనే వచ్చి తన బాధ చెప్పుకున్నాడు.

“సార్, మీ బండిల దిగేటోళ్లకు సామాన్లు ఉండయి, కడుపులే ఉంటయి. మేము ఏం మొయ్యాలె?”

నాకు అర్థం కాలేదు. ఆ కడుపులు అన్నం కడుపులు కావని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో వంతెన కట్టాలన్నా, బడి గదులు కట్టాలన్నా కాంట్రాక్టర్లు ధర రాసి, కవరుకు లక్క ముద్ర వేసి, లక్డీకాపూల్ దిక్కున ఉండే ఆఫీసుల్లో ఇనప పెట్టెలో వెయ్యాలి. మూడు గంటలకు పెట్టె మూస్తారు. పెద్ద కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుని ఏ పని ఎవరికో పంచుకునేవారు. దాన్ని రింగు అనేవారు. రింగులో లేనివాడు పోటీకి రాకుండా ఉండడానికి అతనికి కొంత ముట్టజెప్పేవారు. దానికి గుడ్‌విల్ అని మర్యాదైన పేరు. గుడ్‌విల్ వద్దన్నవాడి కవరు పెట్టె దాకా చేరకూడదు. ఆఫీసు ముందర పోలీసులుంటారు. నాంపల్లి ప్లాట్‌ఫాం మీద జనం ఉంటారు, ఒకటే గేటు ఉంటుంది. అందుకని కొట్టాల్సినవాళ్లను ఇక్కడే కొట్టేవారు.

చేతిలో పట్టుకుంటే లాక్కుంటారని కాంట్రాక్టర్లు కవరును పొట్ట మీద పెట్టి, పైన తువ్వాలు చుట్టి, దాని మీద చొక్కా వేసుకునేవారు. కొట్టేవాళ్లకూ అది తెలుసు. నేను మొదటిసారి చూసినది తెల్ల సఫారీ వేసుకున్న ఒక లావుపాటి మనిషిని. ఇద్దరు చెరో చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు. మూడోవాడు సఫారీ చింపితే గుండీలు వచ్చి నా బూటు మీద పడ్డాయి. లావుపాటి మనిషి తువ్వాలు లాగుతున్నవాడి బొటనవేలు పళ్లతో పట్టుకున్నాడు. బెల్టు బకిలుతో మూతి మీద కొడితేగాని వదల్లేదు. కింద పడ్డది అతని పన్నో, వాడి గోరో నాకు తెలియలేదు. స్వీపరు ఊడ్చేశాడు.

ఇంకోసారి ఒకతని తలను మా పెట్టె తలుపు అంచుకేసి కొట్టారు. అద్దం నెర్రెలు బారింది. మర్నాడు బండి ఎక్కేసరికి కొత్త అద్దం వచ్చేసింది. బండి మీద మరక కనపడకూడదని మాకు పైనుంచి గట్టి ఆదేశం. ప్లాట్‌ఫాం మీద మరక వేరే శాఖది. ఒకాయనకైతే లక్డీకాపూల్ రాగానే గొలుసు లాగాలన్న ఉపాయం తట్టింది. బండి ఆ ఆఫీసుల పక్కనుంచే పోతుంది గాని ఆగదు. ఆయన గొలుసు మీద చెయ్యి వేసీ వెయ్యకముందే వెనక సీట్లో పేపరు చదువుతున్నవాళ్లు లేచి, సీట్ల మధ్య దారిలోనే కడుపులో తన్నారు. బేరర్లు ట్రేలు నెత్తికెత్తుకుని గోడకు అంటుకుని నిలబడ్డారు. పోలీసులు ఎప్పుడూ వచ్చేవారు, అన్నీ అయ్యాక.

దెబ్బలు తిన్నవాళ్లను లేపేటప్పుడు నా చొక్కాకు రక్తం అంటేది. మా ఆవిడ ఉతికి ఉతికి విసిగి, బండికి పంపినోళ్లు సబ్బు గూడ ఇస్తరేమో అడుగుమని నన్ను దెప్పేది.

ఇదంతా ఆ బండి పేరున్న రోజుల్లో సంగతి. అప్పుడు సీటు దొరకడమే కష్టం. మంత్రుల పేషీల నుంచి సిఫారసులు వచ్చేవి.

ఆ బండిలో తరచు వచ్చేవాళ్లలో ఒక చిన్న కాంట్రాక్టరు ఉండేవాడు. నలభై దాటిన సన్నటి మనిషి, కోస్తాలో ఏదో కాలవ గట్టు ఊరు. తూములు, బడి గదులు కట్టేవాడు. మొదటి పెట్టెలో తలుపు పక్క సీటు అడిగి తీసుకునేవాడు. పక్కన ఎవరు కూర్చున్నా కాంక్రీటుకు నీళ్లు ఎన్నాళ్లు పెట్టాలో చెప్పేవాడు. రింగుతో పడక రెండుసార్లు కవరు పోగొట్టుకున్నాడు. రెండోసారి చెంప మీద కొట్టిన దెబ్బకు ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. మాట్లాడేటప్పుడు కుడి చెవి మన వైపు తిప్పేవాడు.

మూడోసారి వచ్చినప్పుడు టిఫిను ముట్టలేదు. సికింద్రాబాద్‌లో బండి ఆగినప్పుడు లేచి తలుపు దగ్గరున్న నా దగ్గరికి వచ్చాడు, మళ్లీ సీటుకు పోలేదు. తన ఊరి కాలవ మీదే వంతెన పని పడిందనీ, గుడ్‌విల్ పంపితే తిప్పి పంపేశాననీ చెప్పాడు. రెండేళ్లుగా పని లేదు. అతని తాపీవాళ్లు సగంమంది వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఈ ఏడు కూడా పని చెయ్యకపోతే కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

“ఈ కవరు పెట్టెలో పడాలండీ. పడకపోతే నేను ఇంక కాంట్రాక్టర్ని కాదు, కూలికెళ్లాలి” అన్నాడు.

సికింద్రాబాద్‌లోనూ మనుషులు నిలబడి ఉండడం చూసి దిగలేదట. ఇక మిగిలింది నాంపల్లి. ప్లాట్‌ఫాం లేని వైపు తలుపు తీస్తే పట్టాల మీదికి దిగి, పార్సిల్ ఆఫీసు గేటు నుంచి బయటపడతానన్నాడు. మా బండిలో ఆ వైపు తలుపులకు తాళం ఉండేది. దాని చెవి నా జేబులో ఉంది. తియ్యడం నిబంధనలకు విరుద్ధం. తీస్తానన్నాను. బండి కదిలేలోగా స్టేషన్ ఫోన్లో నాంపల్లి పార్సిల్ ఆఫీసుకు చేసి కూలీల మేస్త్రీకి కబురు పెట్టాను.

రింగు పెద్దమనిషి కూడా అదే పెట్టెలో, నాలుగు వరసల వెనక కూర్చుని ఉన్నాడు. బంగారు రంగు ఫ్రేము కళ్లజోడు, చేతిలో ఇంగ్లీషు పేపరు. ఎవరి మీదా చెయ్యి వేసేవాడు కాదు. అందరికంటే ముందు దిగి, ఫలానావాడని కంటితో చూపించి, కారు ఎక్కి వెళ్లిపోయేవాడు. కొట్టేవాళ్లు ఇక్కడ రోజు కూలికి దొరికినవాళ్లు. వాళ్లకు కాంట్రాక్టర్లెవరో తెలియదు. పెద్దమనిషి కన్ను, కాదంటే పొట్ట, ఈ రెండే వాళ్లకు ఆనవాళ్లు.

బండి ఆగింది. పెద్దమనిషి దిగి తలుపు పక్కన నిలబడ్డాడు. అతను దిగగానే నేను అవతలి తలుపు తీశాను. కింద పట్టాల మధ్య కూలీల మేస్త్రీ ఉన్నాడు, నేను చెప్పి పెట్టాను. చిన్న కాంట్రాక్టరు మెట్లు దిగి అతని వెంట నడిచాడు. పెద్దమనిషి ఇవతల దిగేవాళ్ల మొహాలు చూసి చూసి, తనకు కావలసినవాడు సికింద్రాబాద్‌లోనే దిగిపోయి ఉంటాడనుకున్నాడేమో, గేటు వైపు వెళ్లిపోయాడు. కొట్టేవాళ్లకు ఏమీ చెప్పలేదు. వాళ్లు నలుగురూ అక్కడే ఉన్నారు.

చివర్న ఒక మందుల కంపెనీ ప్రతినిధి దిగాడు. అంతకు ముందు వారమే అతనికి హెర్నియా ఆపరేషన్ అయింది. కంపెనీ మీటింగుకు రాక తప్పదని పొట్టకు బెల్టు బిగించుకుని వచ్చాడు. కుట్లు కదలకుండా ఒక చెయ్యి పొట్ట మీద అదిమి పెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. కవరు దాచుకున్నవాళ్లు కూడా సరిగ్గా అట్లాగే నడిచేవారు.

“తియ్ కవర్” అన్నాడు హాకీ కర్ర పట్టుకున్నవాడు.

“ఏం కవరండీ?”

“కడుపు మీన కట్టుకున్నవు గద.”

“బెల్టండీ ఇది. ఆపరేషనైంది.”

“అందరు గట్లనే అంటరు” అని మోకాలితో పొట్టలో పొడిచాడు.

ఆ మనిషి నోట్లోంచి మాట రాలేదు, గాలి మాత్రం వచ్చింది. కింద కూలబడ్డాక చొక్కా చింపారు. తెల్లటి బెల్టు కనపడింది. కవరు దాని కింద ఉందనుకుని ఒకడు బెల్టు పట్టుకుని లాగుతున్నాడు, ఇంకొకడు చేతులు తియ్యమని పక్కటెముకల మీద తన్నుతున్నాడు. బెల్టు ఎర్రబడింది. నేను మధ్యలోకి వెళ్లి, ఇతను కాంట్రాక్టరు కాదని తెలుగులోనూ ఉర్దూలోనూ అరిచాను. మోచేత్తో నా ముక్కు మీద కొట్టి పక్కకు తోశారు. కళ్లజోడు పోయింది. ఆ తర్వాత కొంతసేపు నాకు అన్నీ మసకగానే కనపడ్డాయి గాని, శబ్దాలు బాగా వినపడ్డాయి. తడి గోనెసంచిని నేలకేసి కొడుతున్నట్టుగా ఉంది.

అవతల ఏం జరిగిందో మేస్త్రీ తర్వాత చెప్పాడు. వాళ్లు పార్సిల్ గేటు దగ్గరికి చేరారు. మేస్త్రీ మాట్లాడి పెట్టిన ఆటో బయటే ఉంది. చిన్న కాంట్రాక్టరు వినపడే చెవి ఇటు తిప్పి నిలబడిపోయాడు.

“ఎవర్ని కొడుతున్నారు?” అని అడిగాడట.

“ఎవర్నో సార్. నువ్వు నడువ్.”

“నేననుకునేనా?”

“గట్లనే ఉన్నది. నువ్వు పోతే ఆయన తన్నులన్న పనికొస్తయి. జర జల్ది నడువ్.”

మేస్త్రీ మాటలో న్యాయముంది. కాంట్రాక్టరు గేటు ఊచ పట్టుకుని కొంతసేపు నిలబడ్డాడట. ఆటోవాడు హారను కొట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగాడు. “పిచ్చి లేసిందా సార్ నీకు?” అని తిట్టుకుంటూ మేస్త్రీ కూడా వెంట వచ్చాడు.

దిగిన తలుపులోంచే బండి ఎక్కి, ఖాళీ సీట్ల మధ్య నుంచి నడిచి, ఇవతలి తలుపు దగ్గరికి వచ్చాడు. చొక్కా పైకెత్తి తువ్వాలు విప్పి, కవరు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మీరు వెతికేది ఇది. ఆయన్నొదిలెయ్యండి.”

వదిలేశారు. నలుగురూ ఇటు వచ్చారు. అతను మెట్లు దిగాడు. ఇవ్వడానికే వచ్చిన మనిషి, తీరా వాళ్లు కవరు పట్టుకుంటే వదల్లేదు. ఎందుకని చాలాకాలం తర్వాత అడిగితే, చెయ్యి మాట విన్లేదండీ అన్నాడు. ఇద్దరు లాగారు. కవరు సగానికి చిరిగినా అతని పిడికిలి విడలేదు. అప్పుడు అతని చేతిని బండి మెట్టు మీద ఆనించి, మణికట్టు మీద హాకీ కర్రతో కొట్టారు. మొదటి దెబ్బకు కర్ర జారింది. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మేస్త్రీ తలపాగా విప్పి ఒకడి మెడకు వేసి వెనక్కి లాగాడు. మిగతా కూలీలు అప్పుడు కదిలారు. ఆ నలుగురికీ ఆ రోజు పడిన దెబ్బలు కూడా తక్కువేమీ కాదు. ఒకడి దవడ పక్కకు పోయింది. అయితే కవరు ముక్కలు ముక్కలుగా పట్టాల మీద ఉంది. మూడు గంటలకు లక్డీకాపూల్‌లో పెట్టె మూసేశారు.

మందుల కంపెనీ మనిషికి కుట్లు విడిపోయాయి. కూలీలే తోపుడు బండి మీద వేసి బయటికి తీసుకుపోయి దవాఖానలో చేర్పించారు. ప్రాణం దక్కింది. మళ్లీ మా బండి ఎక్కలేదు.

సాయంత్రం బండి మామూలుగా బయలుదేరింది. ముక్కుకు ప్లాస్టరు, పాత కళ్లజోడు పెట్టుకుని నేనూ ఎక్కాను. చిన్న కాంట్రాక్టరు తలుపు పక్క సీట్లోనే ఉన్నాడు, మోచేతి దాకా పిండికట్టు. రింగు పెద్దమనిషి నాలుగు వరసల వెనక ఉన్నాడు. ఇద్దరికీ రాను పోను టికెట్లు ఒకేసారి చేయించుకునే అలవాటు. కొట్టించినవాడూ తిన్నవాడూ ఒకే పెట్టెలో తిరిగి వెళ్లడం ఆ బండిలో కొత్త కాదు. బేరరు ఇద్దరికీ సూపు ఇచ్చాడు. కాంట్రాక్టరు ఎడమ చేత్తో చెంచా ఎత్తితే సగం ట్రేలోనే పడింది. చెంచా పక్కన పెట్టేశాడు.

సికింద్రాబాద్ దాటాక పెద్దమనిషి లేచి వచ్చి అతని పక్కన ఖాళీ సీట్లో కూర్చున్నాడు. జేబులోంచి పొడుగాటి కవరు తీసి అతని ట్రే మీద పెట్టాడు.

“కుర్రాళ్లు తొందరపడ్డారు బావా. నేనుంటే అంత దూరం రానిచ్చేవాణ్ణి కాదు. ఇది ఉంచు.”

“ఆయనకిచ్చావా?”

“ఎవరికి?”

“కుట్లు ఊడినాయనకి.”

“ఆయనెవరో నాకు తెలీదు.”

“ఆ కుర్రాళ్లకీ తెలీదులే” అన్నాడు కాంట్రాక్టరు. తర్వాత నా వైపు తిరిగి, “కండక్టర్ గారూ, ఈయన సీటు ఇదేనా?” అని అడిగాడు.

చార్టు నాకు నోటికి వచ్చు. అయినా తీసి, అద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చూశాను.

“కాదు. మీ సీటుకు మీరు వెళ్లాలి” అన్నాను పెద్దమనిషితో.

అతను నవ్వాడు. “ఖాళీయే కదండీ” అన్నాడు. నేను చార్టు మీంచి వేలు తియ్యలేదు. పెట్టెలో అందరూ పేపర్లు కిందికి దించి చూస్తున్నారు. లేచాడు. కవరు వదిలేసి వెళ్లబోతే కాంట్రాక్టరు ఎడమ చేత్తో దాన్ని ట్రే మీంచి తోసేశాడు. సూపు కప్పుతో సహా పెద్దమనిషి ప్యాంటు మీద పడింది. వేడిగానే ఉండి ఉండాలి. గట్టిగా అరిచాడు. బేరరు గుడ్డ తెచ్చి, క్షమించండి సార్ అని ప్యాంటు తుడిచాడు.

ఆ వంతెన పని రింగుకే పోయింది. కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఎట్లాగో మిగిలింది. కడుతున్నవాళ్ల దగ్గర సబ్ కాంట్రాక్టుకు చేరి, ఆ పనులు చూపించుకున్నాడని విన్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ప్రభుత్వం టెండర్లను కంప్యూటర్లో వెయ్యమంది. కవరు లేదు, లక్క లేదు, పెట్టె లేదు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ధర వెయ్యవచ్చు. ప్లాట్‌ఫాం మీద కాపు వేసేవాళ్లు ముందు మాయమయ్యారు. తర్వాత కాంట్రాక్టర్లు మాయమయ్యారు. కొత్త రోడ్లూ విమానాలూ మిగిలినవాళ్లను తీసుకుపోయాయి. సూపు పోయింది, చేతి తొడుగులు పోయాయి, పేపరు ఒకటే భాషలో ఇచ్చారు. నేను రిటైరయ్యే ఏడు, సీట్లలో సగానికి పైగా మనుషులు లేక, వాటికి తొడిగిన తెల్ల గుడ్డలే కూర్చుని వచ్చేవి. ఆ తర్వాత మామూలు పెట్టెలు కలిపి, ఆగని స్టేషన్లలో ఆపి, పేరు కూడా తీసేశారు. తన్నులాటలు ఉన్నన్నాళ్లు నిండుగా నడిచిన బండి, అవి ఆగాక నడవలేదు. ఇది నాకు నచ్చే మాట కాదు గాని, జరిగింది అదే.

రిటైరైన మరుసటేడు చిన్న కాంట్రాక్టరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కంప్యూటర్లో చాలాసార్లు ఓడిపోయి, ఈసారి ఒక వంతెన దక్కించుకున్నాడు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టడానికి లక్డీకాపూల్ వెళితే, గుమాస్తా రిజిస్ట్రేషన్‌లో ఉన్న పాత సంతకంతో పోల్చి చూసి కలవలేదన్నాడట. మణికట్టు వంకరగా అతికింది. అప్పటినుంచీ ఎడమ చేత్తోనే రాస్తున్నాడు. ఆ రోజు సాయంత్రంలోగా సంతకాలు కాకపోతే పని ధరలో రెండోవాడికి పోతుంది. రెండోవాడు ఎవరని నేను అడగలేదు. అతనే చెప్పాడు, బంగారు ఫ్రేము ఆయన.

ఇద్దరం ఆటోలో వెళ్లాం. గుమాస్తా మంచివాడే. నన్ను చూసి, ఈ పెద్దాయన ఎవరన్నాడు.

“రైల్వే కండక్టర్ని, రిటైరైన. ఈయన చెయ్యి ఇరిగినప్పుడు పక్కనే ఉన్న” అన్నాను.

“కేసు అయిందా?”

“కాలే.”

“మరి నేనేం రాసుకోవాలె సార్? నాకైతే గీ సంతకమే కావాలె” అని పాత కాగితం మీద వేలు పెట్టాడు.

కాంట్రాక్టరు ఆ కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత పెన్ను కుడి చేతి వేళ్ల మధ్య దోపి, ఎడమ చేత్తో కుడి మణికట్టు కింద పట్టుకుని, బల్ల మీదికి వంగాడు. పలక మీద మొదటిసారి అక్షరం దిద్దినంత నెమ్మదిగా, అక్షరం తర్వాత అక్షరం పేరు పూర్తి చేశాడు. గుమాస్తా రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. సరే, కలుస్తున్నదన్నాడు. ఆ తర్వాత అగ్రిమెంటు కట్ట ముందుకు తోసి, ప్రతి పేజీకీ కావాలన్నాడు.

కాంట్రాక్టరు చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. పక్క బల్లలవాళ్లు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్తున్నారు. గుమాస్తా మాత్రం కదలకుండా, తడి ఆరిన పేజీ ఆరినట్టు తిప్పుతున్నాడు. కట్ట సగం దాటాక పెన్ను వేళ్లలోంచి జారి కింద పడింది. వంగి తీసి, మళ్లీ అతని వేళ్ల మధ్య దోపాను. రాస్తున్నాడు.